113 ఎన్‌ఎం పెట్రోల్, 114 ఎన్‌ఎం ఎలక్ట్రిక్: టార్క్ ఒకటే, మరి రోడ్డు మీద ఇంత తేడా ఎందుకు?

ఫోన్ కొనేటప్పుడు బెంచ్‌మార్క్ స్కోర్ చూసి మోసపోయిన వాళ్లు మనలో చాలామందే ఉంటారు. స్కోర్ ఆకాశంలో ఉంటుంది, చేతిలోకి తీసుకున్నాక కీబోర్డ్ తెరుచుకోవడానికే అర సెకను తింటుంది. కార్ల స్పెక్ షీట్ కూడా అచ్చం అలాంటిదే అని నాకు మూడు వారాల క్రితం అర్థమైంది. అదీ నాన్న మోకాలి పుణ్యమా అని.

విషయం ఏంటంటే, నా దగ్గర ఐదు గేర్ల మాన్యువల్ పెట్రోల్ టియాగో ఉంది. మియాపూర్ నుంచి రాయదుర్గం, రానూపోనూ రోజుకు సుమారు 30 కిలోమీటర్లు. కోదాడలో ఉండే నాన్నకి ఎడమ మోకాలు అరిగింది. క్లచ్ తొక్కడం తగ్గించమని డాక్టర్ చెప్పారు. ఆయన మాత్రం కారు మానేయనంటారు. నా ప్లాన్ సింపుల్: ఆయనకి ఏదో ఒక ఆటోమేటిక్ చూసిపెట్టి, నేను ఈవీకి మారిపోవాలి. సిటీకి ఈవీ, ఊరికి పెట్రోల్. ఎవరిని అడిగినా ఇదే చెప్తారు కదా.

డబ్బులు కట్టేముందు ఒకసారి సరిగ్గా చూద్దామని, ఆఫీసులో టియాగో ఈవీ ఉన్న కొలీగ్‌తో కార్లు మార్చుకున్నాను. ఒకే బాడీ, దాదాపు అవే సీట్లు, ముందు చక్రాలకే పవర్. లోపల ఇంజిన్ బదులు మోటార్, అంతే. పోలికకి ఇంతకంటే మంచి జంట మన మార్కెట్‌లో దొరకడం కష్టం. ఇందులో నేను నేర్చుకున్న లెక్కలు ఏ చిన్న ఈవీకైనా, ఏ చిన్న పెట్రోల్ కారుకైనా పనికొస్తాయి, కాబట్టి ఓపిగ్గా చదవండి. కాలిక్యులేటర్ యాప్ ఓపెన్ చేసి పెట్టుకుంటే ఇంకా మంచిది.

స్పెక్ షీట్ ఏం చెప్తోంది?

పెట్రోల్ టియాగోలో 1.2 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజిన్. 6000 ఆర్‌పీఎం దగ్గర 86 పీఎస్ పవర్, 3300 ఆర్‌పీఎం దగ్గర 113 ఎన్‌ఎం టార్క్. 2022 సెప్టెంబర్‌లో వచ్చిన టియాగో ఈవీలో పెద్ద బ్యాటరీ వేరియంట్‌కి 24 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, 55 కిలోవాట్ల మోటార్, అంటే 75 పీఎస్. టార్క్ 114 ఎన్‌ఎం. పైగా బ్యాటరీ వల్ల ఈవీ వంద కిలోలకు మించి బరువు ఎక్కువ.

ఇప్పుడు కాగితం మీద చూస్తే ఎవరు గెలవాలి? ఈవీకి పవర్ 11 పీఎస్ తక్కువ, బరువు ఎక్కువ, టార్క్ ఒకే ఒక్క ఎన్‌ఎం తేడా. పెట్రోలే గెలవాలి. కానీ కొత్తగూడ జంక్షన్‌లో సిగ్నల్ పడ్డాక ఏం జరిగిందో చెప్తాను. మొదటిరోజు పొద్దున నేను ఈవీలో, కొలీగ్ నా పెట్రోల్ కారులో పక్క లేన్‌లో. గ్రీన్ పడింది. నేను మామూలుగానే పెడల్ నొక్కాను. అద్దంలో చూస్తే అతను ఇంకా సెకండ్ గేర్ వేస్తున్నాడు. రేసు పెట్టుకోలేదు, ఇద్దరం ఆఫీసుకి వెళ్తున్న మనుషులమే. అయినా అంత తేడా.

కంపెనీ చెప్పిన లెక్కే తీసుకున్నా ఈ ఈవీ సున్నా నుంచి 60 స్పీడు అందుకోవడానికి 5.7 సెకన్లు చాలు. స్పోర్ట్స్ కార్ల ముందు ఇదేం గొప్ప కాదు. కానీ మన సిటీలో 60 దాటే అవకాశం ఎన్నిసార్లు వస్తుందో మీరే చెప్పండి.

86 పీఎస్ ఎక్కడికి పోయింది?

ఇక్కడే అసలు పాఠం. పవర్ అనేది టార్క్, ఆర్‌పీఎం కలిస్తే వచ్చేది. ఫార్ములా ఇది: టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. ఒక కిలోవాట్ అంటే 1.36 పీఎస్.

ట్రాఫిక్‌లో మీరు పెట్రోల్ కారుని ఏ ఆర్‌పీఎంలో నడుపుతారు? నేనైతే 1500కి, 2000కి మధ్య. ఇంజిన్ అరవడం మొదలవగానే చెయ్యి దానంతటదే గేర్ మార్చేస్తుంది. సరే, 2000 అనుకుందాం. ఆ ఆర్‌పీఎంలో ఇంజిన్ పూర్తి 113 ఎన్‌ఎం ఇవ్వదు, అది 3300 దగ్గర మాట. అయినా దయతలచి పూర్తి టార్క్ ఇచ్చేద్దాం. 113ని 2000తో గుణించి 9549తో భాగిస్తే 23.7 కిలోవాట్లు. అంటే సుమారు 32 పీఎస్. 1500 ఆర్‌పీఎంలో అయితే ఎంత ఉదారంగా లెక్కేసినా 24 పీఎస్ మాత్రమే.

86 పీఎస్ కారు కొన్నాం అనుకుంటాం. రోజూ వాడేది 24 నుంచి 32. మిగతాది 6000 ఆర్‌పీఎం దగ్గర బీరువాలో పట్టుచీరలా భద్రంగా ఉంటుంది. పెళ్లికో పేరంటానికో తీస్తాం.

ఇంజిన్ అలా ఎందుకుంటుంది? అది గాలి పీల్చి, పెట్రోల్ కలిపి, నొక్కి, పేల్చే యంత్రం. నాలుగు స్ట్రోకులు పూర్తవడానికి రెండు చుట్లు తిరగాలి. 1500 ఆర్‌పీఎంలో ఒక చుట్టుకి 40 మిల్లీసెకన్లు, కాబట్టి ఒక్కో సిలిండర్ 80 మిల్లీసెకన్లకి ఒకసారే పేలుతుంది. మూడు సిలిండర్లు వంతులవారీగా పేలినా దాదాపు 27 మిల్లీసెకన్లకి ఒక తోపు. మీరు పెడల్ నొక్కినప్పుడు ముందు థ్రాటిల్ తెరుచుకోవాలి, గాలి నిండాలి, ఆ తర్వాతి పేలుళ్లలో బలం రావాలి. అది సరిపోకపోతే క్లచ్ తొక్కి గేర్ దించాలి. అక్కడ మనిషి చెయ్యి, కాలు, ఆలోచన కలిపి తేలిగ్గా ఒక సెకను.

మోటార్ సంగతి వేరు. ఈ కారులో ఉన్నది పర్మనెంట్ మ్యాగ్నెట్ సింక్రనస్ మోటార్. అందులో టార్క్ అంటే దాదాపుగా కరెంట్. ఎంత కరెంట్ పంపితే అంత టార్క్. ఆ కరెంట్‌ని ఇన్వర్టర్ మిల్లీసెకన్లలో మార్చగలదు. బండి కదలకుండా నిలబడి ఉన్నా, సున్నా ఆర్‌పీఎంలో కూడా పూర్తి టార్క్ రెడీ. మన భాషలో చెప్పాలంటే పెట్రోల్ ఇంజిన్‌కి డౌన్‌లోడ్ స్పీడ్ బాగానే ఉంది, పింగే ఎక్కువ. గేమ్ ఆడేవాడికి ఏది ముఖ్యమో చెప్పక్కర్లేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఫస్ట్ గేర్‌లో క్లచ్‌ని నేర్పుగా వదిలి ఇంజిన్‌ని గట్టిగా తిప్పితే పెట్రోల్ కారు చక్రాల దగ్గర కూడా బోలెడంత బలం ఉంటుంది. గేర్ ఉన్నదే అందుకు. ఈవీలో ఒకటే గేర్ నిష్పత్తి, అది మారదు. కాబట్టి ‘పెట్రోల్ కారుకి బలం లేదు’ అనడం తప్పు. బలం ఉంది, దాన్ని బయటికి తీయడానికి పని చేయాలి. రోజూ రెండుసార్లు ట్రాఫిక్‌లో అంత పని ఎవరు చేస్తారు? టర్బో పెట్రోల్ అయితే టార్క్ ఇంకా ముందే అందుతుంది, తేడా తగ్గుతుంది. అయినా టర్బో తిరగడానికి పట్టే ఆ కాస్త టైమ్ ఉండనే ఉంటుంది.

మరి ఈవీ బలం ఎక్కడ అయిపోతుంది?

దానికీ ఒక గీత ఉంది, యూట్యూబ్ రివ్యూల్లో దీని గురించి పెద్దగా చెప్పరు. 55 కిలోవాట్లని 9549తో గుణించి 114తో భాగించండి. సుమారు 4600 వస్తుంది. అంటే ఆ ఆర్‌పీఎం వరకే మోటార్ పూర్తి టార్క్ ఇవ్వగలదు. ఆ పైన పవర్ 55 కిలోవాట్ల దగ్గర ఆగిపోతుంది కాబట్టి స్పీడు పెరిగేకొద్దీ టార్క్ తగ్గాల్సిందే.

అది రోడ్డు మీద ఎంత స్పీడు? గేర్ నిష్పత్తి తెలియకపోయినా అంచనా వేయొచ్చు. డ్రైవర్‌తో కలిపి కారు 1200 కిలోలు అనుకుందాం. 5.7 సెకన్లలో 60 స్పీడు అంటే సగటున సెకను సెకనుకి 2.9 మీటర్ల త్వరణం, అంటే సుమారు 3500 న్యూటన్ల నెట్టే బలం. 55,000 వాట్లని 3500తో భాగిస్తే సెకనుకి 15.7 మీటర్లు, గంటకు 56 కిలోమీటర్లు. కాబట్టి 50 ప్రాంతం దాకా పూర్తి బలం, ఆ తర్వాత తగ్గుదల. 80 స్పీడులో అదే మోటార్ 2500 న్యూటన్లకి దిగుతుంది, 100లో 2000కి.

మీరు సీట్లో కూర్చుంటే ఇది కచ్చితంగా ఇలాగే తెలుస్తుంది. 20 నుంచి 50 దాకా వీపుకి సీటు అతుక్కుంటుంది. 80 దాటాక అదే పెడల్, అదే కాలు, కానీ ఆ ఉత్సాహం ఉండదు. అక్కడ పెట్రోల్ కారులో థర్డ్ గేర్‌కి దించి ఇంజిన్‌ని 4500 పైన తిప్పితే ఇద్దరూ సమానం అయిపోతారు. ఈవీ టాప్ స్పీడు 120కే పరిమితం. మన ఓఆర్‌ఆర్ మీద లిమిట్ కూడా 120 కాబట్టి దాని గురించి ఏడవాల్సిన పనిలేదు.

చిన్న ఈవీలు చూసేవాళ్లకి ఇక్కడో చిట్కా. ఎంజీ కామెట్‌కి టార్క్ 110 ఎన్‌ఎం, పవర్ మాత్రం 42 పీఎస్. టార్క్ చూసి రెండూ ఒకటే అనుకోవద్దు. ఈవీలో టార్క్ అంకె సిగ్నల్ దగ్గర ఎలా కదులుతుందో చెప్తుంది, పవర్ అంకె ఆ ఊపు ఎంత స్పీడు వరకు నిలుస్తుందో చెప్తుంది. 80 స్పీడులో కామెట్ ఇవ్వగల గరిష్ఠ బలం 1400 న్యూటన్ల దగ్గరే. సిటీ కోసం చేసిన కారు సిటీలో తిరిగితే ఏ గొడవా లేదు.

ఫ్లైఓవర్, ఏసీ, మే నెల

నాన్న ఎప్పుడూ చేసే పని ఒకటుంది. ఎత్తు ఎక్కేముందు ఏసీ ఆపేస్తారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నా, అది ఆయన పిసినారితనం అనుకునేవాణ్ణి. లెక్క చూశాక జ్ఞానోదయం అయింది. 1500 ఆర్‌పీఎంలో చేతిలో ఉన్నదే 17 కిలోవాట్లు, అదీ ఉదారంగా. ఎండాకాలంలో కంప్రెసర్ అందులోంచి రెండు కిలోవాట్లు లాక్కుంటే పదో వంతుకి పైగా పోయినట్టే. నలుగురు మనుషులతో షేక్‌పేట్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఆ పదో వంతు బాగా తెలుస్తుంది. ఆయనకి ఫార్ములా తెలియదు, కాలికి తెలుసు.

ఈవీలో కంప్రెసర్ బ్యాటరీ కరెంట్‌తో విడిగా తిరుగుతుంది, మోటార్‌తో దానికి సంబంధం లేదు. సిగ్నల్ దగ్గర ఆగినా ఏసీ చల్లదనం తగ్గదు, ఎత్తు ఎక్కినా బండి మూలగదు. బదులుగా రేంజ్ తింటుంది. జామ్‌లో గంటసేపు ఇరుక్కుంటే ఒకటి, ఒకటిన్నర యూనిట్ పోతుంది. అంటే పది కిలోమీటర్ల ప్రయాణం హుష్.

ఆగడం కూడా పెర్ఫార్మెన్సే

రివ్యూలన్నీ ఎంత త్వరగా పరిగెత్తుతుందో చెప్తాయి. సిటీలో మనం చేసే పని సగం ఆగడమే. నన్ను అడిగితే ఈవీ అసలు గెలుపు ఇక్కడ ఉంది.

1200 కిలోల కారు 40 స్పీడులో వెళ్తుంటే దానిలో ఉన్న గతిశక్తి సుమారు 74 కిలోజౌళ్లు. బ్రేక్ వేస్తే అదంతా బ్రేక్ ప్యాడ్ల దగ్గర వేడై గాల్లో కలుస్తుంది. మళ్లీ 40 అందుకోవాలంటే పెట్రోల్ కాల్చి కొత్తగా పుట్టించాలి. ఇంజిన్ సామర్థ్యం 25 శాతం అనుకుంటే 74 కోసం 296 కిలోజౌళ్ల పెట్రోల్ కావాలి. లీటర్‌లో ఉండేది దాదాపు 32,000 కిలోజౌళ్లు. అంటే ఒక్కో సిగ్నల్‌కి 9 మిల్లీలీటర్లు. దగ్గు మందు రెండు టీస్పూన్లకి కాస్త తక్కువ. ఆఫీసుకి వెళ్లి వచ్చేలోపు యాభైసార్లు ఆగి కదిలితే 460 మిల్లీలీటర్లు, లీటర్‌కి 107 రూపాయలు వేసుకుంటే దాదాపు 50 రూపాయలు కేవలం ఆగినందుకు!

ఈవీలో అవే యాభై ఆగుళ్లకి మొత్తం శక్తి ఒక యూనిట్. అందులో కూడా సగానికి పైగా రీజెనరేటివ్ బ్రేకింగ్ వెనక్కి తెస్తుంది. కాలు తీయగానే మోటారే జనరేటర్‌గా మారి బండిని ఆపుతూ బ్యాటరీలోకి కరెంట్ పంపుతుంది. టియాగో ఈవీలో సున్నా నుంచి మూడు దాకా నాలుగు లెవెల్స్ ఉన్నాయి. మొదటి రెండు రోజులు మూడో లెవెల్‌లో నాకు కళ్లు తిరిగాయి, నిజం చెప్తున్నా. కాలు పూర్తిగా తీసేసే పాత అలవాటు వల్ల బండి తల ఊపేది. పెడల్‌ని వాల్యూమ్ బటన్‌లా కాకుండా స్లైడర్‌లా మెల్లగా వదలడం అలవాటయ్యాక బ్రేక్ మీద కాలు పడటమే తగ్గిపోయింది.

ఒక హెచ్చరిక. బ్యాటరీ వంద శాతం నిండి ఉంటే వెనక్కి వచ్చే కరెంట్‌కి చోటుండదు, కాబట్టి మొదటి కొన్ని కిలోమీటర్లు రీజెన్ బలహీనంగా ఉంటుంది. రాత్రంతా ఛార్జ్ పెట్టి పొద్దున్నే బయల్దేరినప్పుడు ‘నిన్నటిలా ఆగడం లేదేంటి’ అని కంగారు పడొద్దు. బ్రేక్ పెడల్ ఎప్పటిలాగే పనిచేస్తుంది. ఇంకోటి, చప్పుడు ఉండదు కాబట్టి కాలనీ రోడ్లలో ఫోన్ చూస్తూ నడిచేవాళ్లకి మీరు వస్తున్నట్టు తెలియదు. మూడు వారాల్లో నేను కొట్టిన హారన్ అంతకుముందు మూడు నెలల్లో కొట్టలేదు. వాన పడ్డ రోజు పెడల్ గబుక్కున నొక్కితే ముందు చక్రాలు జారబోతాయి, ట్రాక్షన్ కంట్రోల్ పట్టుకుంటుంది. తడి రోడ్డు మీద కాలు కాస్త సున్నితంగా వాడండి.

హైవే ఎక్కితే కథ తిరగబడుతుంది

హైదరాబాద్ నుంచి కోదాడ 65వ నంబర్ జాతీయ రహదారి మీద సుమారు 175 కిలోమీటర్లు. నా అసలు ప్రశ్న ఇదే. 24 యూనిట్ల బ్యాటరీతో ఇంటికి చేరతానా?

లాంచ్ అప్పుడు చెప్పిన రేంజ్ 315 కిలోమీటర్లు. అది ఎంఐడీసీ అనే టెస్ట్ పద్ధతి ప్రకారం వచ్చింది. అందులో గరిష్ఠ స్పీడు 90, అదీ కాసేపే. సగటు స్పీడు సిటీ లెక్కన ఉంటుంది, ఏసీ ఉండదు. అబద్ధం అనను, కానీ మన ప్రయాణం అది కాదు.

మనమే లెక్కేద్దాం. గాలి నిరోధం స్పీడు వర్గంతో పెరుగుతుంది. ఇలాంటి చిన్న హ్యాచ్‌బ్యాక్‌కి సాధారణంగా ఉండే ఆకారం, టైర్లు తీసుకుని నేను వేసిన అంచనా ఇది. 60 స్పీడులో గాలి, టైర్లు కలిపి వెనక్కి లాగే బలం సుమారు 245 న్యూటన్లు. 80లో 335. 100లో 450. మోటార్ నష్టాలు, ఏసీ కూడా కలిపితే కిలోమీటర్‌కి 60లో 95 వాట్ అవర్లు, 80లో దాదాపు 120, 100లో 150కి పైనే. బ్యాటరీలో 90 శాతం వాడుకుంటాం అనుకుంటే 60 స్పీడులో 225 కిలోమీటర్లు, 80లో 180, 100లో 140.

ఆ మూడు అంకెల మధ్యలోనే కోదాడ ఉంది చూడండి. 80లో వెళ్తే ఊపిరి బిగబట్టి చేరతాం. 100లో వెళ్తే సూర్యాపేట దాటగానే ఆగిపోతాం. నేను శనివారం పొద్దున ఈవీలో బయల్దేరి 75, 80 మధ్యలో పట్టుదలగా వెళ్లాను. లారీలు కూడా నన్ను దాటి వెళ్లాయి. అలా వెళ్తూ కూడా రిస్క్ ఎందుకని సూర్యాపేట దగ్గర ఫాస్ట్ ఛార్జర్‌కి తీసుకెళ్తే మొదటి గన్ పనిచేయలేదు. రెండోదానికి ఒక క్యాబ్ తగిలించి ఉంది, డ్రైవర్ పక్కన టీ తాగుతున్నాడు. అరగంట ఎదురుచూశాక నా వంతు వచ్చింది. 10 నుంచి 80 శాతానికి దాదాపు గంట పడుతుందని కంపెనీ లెక్క. ఆ పైన ఫోన్లలో లాగే ఛార్జింగ్ నెమ్మదిస్తుంది, వంద కోసం కూర్చోవడం దండగ. నాకు కావాల్సింది ఇంకో 40 కిలోమీటర్లే కాబట్టి పావుగంటలో లేచాను.

పెట్రోల్ కారు ఇక్కడ రాజు. ఐదో గేర్‌లో స్థిరంగా వెళ్తుంటే ఇంజిన్ తనకి నచ్చిన సామర్థ్యంలో ఉంటుంది, ఆగుళ్ల నష్టం ఉండదు. సిటీలో 13, 14 ఇచ్చే నా కారు ఇదే రోడ్డు మీద 19 దాకా ఇచ్చింది. ఈవీకి రివర్స్: సిటీలో ఎక్కువ, హైవేలో తక్కువ. ఒకదానికి బలహీనత ఉన్నచోటే రెండోదానికి బలం. సిటీ మైలేజ్, హైవే మైలేజ్ రెండూ అడగకుండా ‘రేంజ్ ఎంత, మైలేజ్ ఎంత’ అని అడిగేవాళ్లకి అందుకే ఎప్పుడూ సగం జవాబే దొరుకుతుంది.

నాన్న టెస్ట్ డ్రైవ్

ఇంటికి చేరాక నాన్నని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాను. బటన్ నొక్కాం.

“ఏందిరా, బండి స్టార్ట్ అయిందా లేదా?”

“అయింది నాన్నా. డీలో పెట్టి కాలు తీయండి.”

ఎడమ కాలు అలవాటుగా క్లచ్ కోసం వెతికింది. అక్కడ ఖాళీ. రెండుసార్లు వెతికాక కాలు వెనక్కి మడిచి పెట్టుకున్నారు. బస్టాండు దాకా, అక్కణ్ణుంచి మార్కెట్ దాకా, సంత రోజు జనం మధ్యలోంచి గంట తిప్పారు. ఆటోలు, మేకలు, ఎదురుగా వచ్చే ట్రాక్టర్లు. ఆగు, కదులు, ఆగు, కదులు. దిగాక మోకాలు పట్టుకోలేదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు, అమ్మ మాత్రం గమనించింది.

మరి ఏఎంటీ తీసుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. నేనూ అదే అనుకుని ఒక షోరూమ్‌లో ఆయనతో నడిపించాను. క్లచ్ పోతుంది నిజమే. కానీ అది అదే ఇంజిన్, అదే 1500 ఆర్‌పీఎం, గేర్ మార్చేటప్పుడు మధ్యలో చిన్న ఆగుడు. సంతలో అంగుళం అంగుళం కదిలేచోట ఆ ఆగుడు ఆయనకి నచ్చలేదు. “ఇది నాకంటే ఎక్కువ ఆలోచిస్తుందిరా” అన్నారు.

ఇక్కడ నా ప్లాన్ తలకిందులైంది. నేను సిటీలో ఉంటాను, లెక్క ప్రకారం ఈవీ నాకే కరెక్ట్. కానీ నేనుండేది అద్దె ఫ్లాట్. పార్కింగ్‌లో ఛార్జింగ్ పాయింట్ పెట్టుకుంటానంటే అసోసియేషన్ వాళ్లు రెండు మీటింగుల తర్వాత కూడా ఒప్పుకోలేదు. రోజూ పబ్లిక్ ఫాస్ట్ ఛార్జర్ మీద ఆధారపడితే యూనిట్ రేటు ఇంటి రేటుకి రెట్టింపు, పైగా క్యూ. నాన్నకైతే సొంత ఇల్లు, వాకిట్లో కారు పెట్టే చోటు, గోడకి 15 ఆంపియర్ల సాకెట్. రోజుకి తిరిగేది 20 కిలోమీటర్లకి మించదు, అదంతా ఊళ్లోనే, అంతా తక్కువ స్పీడులోనే. మోటార్ పూర్తి బలం ఇచ్చే ఆ 50 లోపు ప్రపంచమే ఆయన ప్రపంచం. నెలకోసారి హాస్పిటల్‌కి హైదరాబాద్ రావాలంటే నేను పెట్రోల్ కారులో వెళ్లి తీసుకొస్తాను, లేదంటే బస్సు ఉంది.

కాబట్టి ఈవీ కోదాడకి, పెట్రోల్ నా దగ్గరే. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 వరకు ఈవీలకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉండటం కూడా లెక్కలో కలిసొచ్చింది. కొలీగ్ కారు తిరిగి ఇచ్చేసి సోమవారం నా పెట్రోల్ కారు ఎక్కాను. మియాపూర్ సిగ్నల్ దగ్గర గ్రీన్ పడింది, నేను క్లచ్ తొక్కకుండా గేర్ వేయబోయాను. వెనకాల ఆటో అతను ఏమన్నాడో ఇక్కడ రాయలేను.

ప్రస్తుతం పని అంతా ఇంటి వైరింగ్ దగ్గర ఉంది. పోర్టబుల్ ఛార్జర్ 3.3 కిలోవాట్లు లాగుతుంది, ఖాళీ బ్యాటరీ నిండడానికి ఎనిమిది గంటలకి పైనే. మా ఇంటి శాంక్షన్డ్ లోడు 3 కిలోవాట్లే. దాన్ని 5కి పెంచమని అప్లికేషన్ పెట్టాం. ఎలక్ట్రీషియన్ ఆదివారం వచ్చి ఎర్తింగ్ చూసి, “ఇది ఎర్తింగ్ కాదు సార్, మట్టిలో గుచ్చిన కమ్మీ” అని కొత్త గొయ్యి తవ్వుతున్నాడు. అది అయ్యాకే బుకింగ్ అమౌంట్ కడతానని నాన్నకి చెప్పాను. ఆయన రోజూ సాయంత్రం ఫోన్ చేసి గొయ్యి ఎంత లోతుకి వచ్చిందో చెప్తున్నారు.